మనవరాలి బడిలో లాటినో మాసం: మూడు నిమిషాల్లో ఎవరి గురించి చెప్పించాలి?

నాగావళి టీచరు, శ్రీకాకుళం
సెప్టెంబర్ 22, ఉదయం 7:40

నమస్కారం. నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. శ్రీకాకుళంలో నాగావళి గట్టుకు దగ్గరలో ఉంటాను. ఇక్కడ ఎక్కువగా చదవడమే తప్ప రాయడం తక్కువ. ఈసారి అవసరం పడింది.

మా పెద్దమ్మాయి కుటుంబం టెక్సాస్‌లో ఉంటుంది. ఉదయం ఆరున్నరకు నేను కాఫీ గ్లాసుతో కూర్చునే సరికి అక్కడ రాత్రి ఎనిమిది. మనవరాలు పళ్లు తోముకుంటూ ఫోనులోకి వస్తుంది. నాలుగో తరగతి. మొన్న ఆ నురగ నోటితోనే అడిగింది: "అమ్మమ్మా, నువ్వు సోషల్ టీచరువి కదా. దేశానికి మంచి చేసిన ఒక లాటినో మనిషి గురించి చెప్పు. నేను క్లాసులో మూడు నిమిషాలు మాట్లాడాలి. అట్ట మీద బొమ్మ కూడా వేయాలి."

నా దగ్గర సమాధానం లేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. దక్షిణ అమెరికా పటం నల్లబల్ల మీద కళ్లు మూసుకుని వేయగలను. ఆండీస్‌కు గోధుమరంగు సుద్ద, అమెజాన్‌కు నీలం, పంపాలకు ఆకుపచ్చ. కాఫీ ఎక్కడ పండుతుంది, రాగి ఎక్కడ దొరుకుతుంది అని ఏటా అడిగాను, మార్కులు వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పటంలో ఒక్క మనిషికీ పేరు లేదు. చిలీలో రాగి గనులున్నాయి కానీ గనిలోకి దిగేవాడు లేడు. పైగా చిన్నది అడుగుతున్నది ఆ దేశాల గురించి కూడా కాదు. అక్కడి మూలాలతో అమెరికాలో బతుకుతూ ఆ దేశానికి ఏదో చేసినవాళ్ల గురించి.

అల్లుడు గారు వెనక నుంచి "అత్తయ్య గారూ, మీరు శ్రమ పడకండి. మనకు సంబంధించిన విషయం కాదు. ఏదో ఒకటి చూసి నేనే రాసిచ్చేస్తాను" అన్నారు. మంచివారే, పని ఒత్తిడి. (ఆయన గురించి ఒక ముచ్చట. కాగితాల్లో పేరు వరస తారుమారై, అక్కడి ఆఫీసులో అందరూ ఆయనను ఇంటిపేరుతోనే పిలుస్తారట. మా వియ్యంకుడు గారు అది విని, "అయితే వాళ్లు పిలిచినప్పుడల్లా మా ఇంటిల్లిపాదీ పలకాలి" అన్నారు.)

పెద్ద టోపీ బొమ్మ, మీసాల బొమ్మ అతికించి పంపడం నాకు ఇష్టం లేదు. తెలుగువాళ్లంటే ఇడ్లీ అని చెప్పినట్టుంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల మనసులో నిలబడే కథ కావాలి. బిరుదుల పట్టిక వద్దు, ఆ మనిషి ఏదో ఒక పని చేస్తూ కనిపించాలి. లాటినో, హిస్పానిక్ ఒకటేనా అన్నది కూడా ఎవరైనా చెబితే సంతోషం. ఖాయంగా తెలిసినదే రాయండి. జీవితమంతా పేపర్లు దిద్దిన మనిషిని, వదలను.


గంటస్తంభం కుర్రాడు
సెప్టెంబర్ 22, రాత్రి 9:15

టీచర్ గారూ, నమస్తే. మాది విజయనగరం. ఈ పేరు పెట్టుకున్నప్పుడు కుర్రాడినే, ఇప్పుడు 43. టెక్సాస్‌లో 14 ఏళ్లుగా వంతెనల పని చేస్తున్నాను.

ముందు మాటల సంగతి. హిస్పానిక్ అంటే స్పానిష్ భాషతో ముడిపడినవాళ్లు. లాటినో అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. చాలామంది రెండూ అవుతారు. బ్రెజిల్ వాళ్ల భాష పోర్చుగీసు కాబట్టి వాళ్లు లాటినోలే, హిస్పానిక్ కారు. స్పెయిన్ నుంచి వచ్చినవాడిది దీనికి తలకిందులు. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో వీళ్లు 6 కోట్ల 20 లక్షల మంది, అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు.

హిస్పానిక్ వారసత్వ మాసం అనే ఈ మాసం సెప్టెంబర్ 15న మొదలై అక్టోబర్ 15న ముగుస్తుంది. నెల మధ్యలో మొదలవడమేమిటని నేనూ అనుకునేవాడిని. కోస్టారికా, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురాస్, నికరాగ్వా అయిదింటికీ స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 15. మెక్సికోది 16, చిలీది 18. అదీ లెక్క. 1968లో లిండన్ జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా దీన్ని ఒక వారంగా మొదలుపెట్టారు, 1988లో రీగన్ కాలంలో నెల చేశారు. మీకు నచ్చే సంగతి ఒకటి: జాన్సన్ కూడా బడిపంతులే. 20 ఏళ్ల వయసులో, 1928లో, దక్షిణ టెక్సాస్‌లోని కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ కుటుంబాల పిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. ఆకలితో బడికి వచ్చే ఆ పిల్లలను ఆయన మరచిపోలేదు. 1965లో ఓటు హక్కు చట్టం కోసం కాంగ్రెస్ ముందు మాట్లాడినప్పుడు కూడా వాళ్లను తలచుకున్నాడు.

ఇంకో సంగతి. వీళ్లంతా వలస వచ్చినవాళ్లే అని పాపకు చెప్పకండి. 1848లో యుద్ధం ముగిశాక కుదిరిన ఒప్పందంతో కాలిఫోర్నియా మొదలుకొని చాలా భూభాగం మెక్సికో చేతిలోంచి అమెరికాకు పోయింది. మనుషులు ఉన్న ఇంట్లోనే ఉన్నారు, దేశం మారింది. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని ఇక్కడ సామెతలా చెప్పుకుంటారు. మన జిల్లాల వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. అక్కడి తెలుగువాళ్లు ఎక్కడికీ కదలలేదు.

నా పనిలో నేను చూసిన మనిషి గురించి కాస్త. వేసవిలో ఎండకు కాంక్రీటు త్వరగా బిగుస్తుందని మేం రాత్రి రెండింటికి పోత మొదలుపెడతాం. మా మేస్త్రీది మెక్సికోలోని గ్వానహ్వాతో రాష్ట్రం. వయసు 60 దగ్గర. నేను కొత్తగా చేరిన ఏడాది, వంతెన పలక పోశాక ఎప్పుడు నునుపు చెయ్యాలన్న దగ్గర నా కాగితాల లెక్క ఒక సమయం చెప్పింది. ఆయన చేతి తొడుగు తీసి, బొటనవేలు తడి కాంక్రీటులో నొక్కి, ఆ గుంత అంచును కాసేపు చూసి "ఇంకా ఇరవై నిమిషాలు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పది నిమిషాలకే నా మాట మీద ఒక మూల పని మొదలుపెట్టించాను. ఆ మూల పైపొర లేచిపోయింది. తెల్లవారాక దాన్ని గీకి మళ్లీ పూడ్చాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. భోజనాల వేళ ఇనుప రేకు మీద మొక్కజొన్న రొట్టెలు వేడి చేసి పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటాడు. పచ్చి మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లుకుని తినడం వాళ్లకూ ఉందని ఆయన దగ్గరే చూశాను. ఆవకాయ ఇస్తే "దీనికి నూనె ఎందుకు" అన్నాడు, సీసా మాత్రం తిరిగివ్వలేదు. ఈ నగరాల్లో ఇళ్ల పైకప్పులు, రోడ్లు, వంటశాలలు, పొలాల్లో కోతలు ఇలాంటివాళ్ల చేతుల మీదే నడుస్తున్నాయి. కానీ మూడు నిమిషాల ప్రసంగానికి పేరున్న మనిషి కావాలి కదా.

సిల్వియా మెండెజ్ కథ చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధ కాలం, కాలిఫోర్నియాలో వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊరు. సిల్వియాకు ఎనిమిదేళ్లు. మేనత్త తన పిల్లలతో పాటు సిల్వియాను, ఆమె తమ్ముళ్లను కూడా దగ్గర్లోని బడిలో చేర్చడానికి తీసుకెళ్లింది. అత్త పిల్లలు తెల్లగా ఉన్నారు, ఇంటిపేరు ఫ్రెంచిలా వినిపించేది. వాళ్లను చేర్చుకుంటామన్నారు. సిల్వియాను, తమ్ముళ్లను మెక్సికన్ పిల్లల బడికి పొమ్మన్నారు. అత్త తన పిల్లలను కూడా చేర్చకుండా అందరినీ వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేసింది. సిల్వియా తండ్రి, మరో నలుగురు తండ్రులు కలిసి 1945లో దావా వేశారు. 1946లో గెలిచారు, 1947లో పై కోర్టులోనూ గెలిచారు. అదే ఏడాది కాలిఫోర్నియా గవర్నర్ అర్ల్ వారెన్ బడుల్లో పిల్లలను విడదీసే చట్టాన్ని రద్దు చేస్తూ సంతకం పెట్టాడు. ఏడేళ్ల తర్వాత, 1954లో, నల్లజాతి పిల్లల కేసులో దేశమంతటికీ అదే మాట తీర్పుగా చదివిన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా ఆయనే. మరో మాట. మెండెజ్ కుటుంబం అప్పుడు సాగు చేస్తున్న పొలం జపాన్ మూలాలున్న ఒక కుటుంబానిది. యుద్ధ సమయంలో ప్రభుత్వం ఆ కుటుంబాన్ని శిబిరానికి పంపేస్తే, వీళ్లు ఆ పొలం కౌలుకు తీసుకున్నారు. దీన్ని పాపకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నాకైతే కథలో ఈ ముక్కే గుచ్చుకుంటుంది.


ఆమదాలవలస అభిమాని
సెప్టెంబర్ 23, ఉదయం 6:05

అందరికీ అన్నీ తెలుసు, బాగుంది. మా ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి గురించి మీ మనవరాలికి తెలుసా? వీరఘట్టం మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గురించి తెలుసా? మనవాళ్ల గురించి అమెరికా బడిలో ఎవరు మూడు నిమిషాలు మాట్లాడుతున్నారు? ఇంట్లో దీపం పెట్టకుండా ఊరి గుడికి నూనె మోసినట్టుంది.


నాగావళి టీచరు, శ్రీకాకుళం
సెప్టెంబర్ 23, ఉదయం 8:30

బాబూ, మల్లీశ్వరి పతకం గెలిచిన మర్నాడు మా బడిలో మిఠాయి పంచింది నేనే. మనవరాలికి ఆమె పేరూ తెలుసు, 69 కిలోల విభాగం అనీ తెలుసు. చిన్నది ఇప్పుడు రాస్తున్న పరీక్షలో ప్రశ్న వేరు. ఆవు గురించి రాయమంటే గేదె గురించి రాసినవాళ్లకు నేను ఎప్పుడూ సున్నాయే వేశాను, గేదె ఎంత మంచిదైనా.

అయినా మీరన్న దీపం మాట నాకు తగలకపోలేదు. రామమూర్తి నాయుడి గురించి నేను తరగతిలో చెప్పింది తక్కువే.

కుర్రాడు గారూ, మెండెజ్ కథకు రుణపడ్డాను. ఆ మేనత్త నాకు బాగా నచ్చింది. ఇంకెవరైనా ఉన్నారా?


సోంపేట ఫిట్టర్
సెప్టెంబర్ 24, రాత్రి 11:50

టీచర్ గారికి నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. మా వైపు ఓడల మీద పనిచేసేవాళ్లు ఎక్కువని మీకు తెలుసు కదా. నేను ఇంజిన్ గదిలో ఫిట్టర్‌ని. రాత అలవాటు లేదు, తప్పులుంటే దిద్దుకోండి.

2016లో మా ఓడ ప్యూర్టోరికోలోని సాన్ హువాన్ రేవులో మూడు రోజులు ఆగింది. ప్యూర్టోరికో అమెరికా కిందే ఉంటుంది, అక్కడివాళ్లకు 1917 నుంచి అమెరికా పౌరసత్వం ఉంది, కానీ ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. రేవులో కాపలా ఉన్న ముసలాయన టోపీ మీద 21 అని అంకె. అది మీ నంబరా అని అడిగాను. నవ్వి, నా చెయ్యి పట్టుకుని తూర్పు వైపు చూపించి, "అక్కడ సముద్రంలో పడిపోయాడు" అన్నాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపడా అవుతుంది. అయినా గంటసేపు చెప్పాడు. తర్వాత నేను చదివి సరిచూసుకున్నాను.

ఆ మనిషి పేరు రొబెర్టో క్లెమెంటే, 21 ఆయన చొక్కా మీది నంబరు. బేస్‌బాల్‌లో మొదటి లాటినో ఆటగాడు. 1934లో సాన్ హువాన్ పక్కన కరోలీనా ఊళ్లో పుట్టాడు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. 1955 నుంచి 1972 దాకా 18 ఏళ్లు ఒకే జట్టు, పిట్స్‌బర్గ్. నల్లగా ఉంటాడు, స్పానిష్ మాట్లాడతాడు. అంటే అప్పట్లో రెండు వైపులా దెబ్బే. ఫ్లోరిడాలో శిక్షణకు వెళితే తెల్ల ఆటగాళ్లతో ఒకే హోటల్లో ఉండనిచ్చేవారు కాదు. ఆయన ఇంగ్లీషు యాసను వెక్కిరింపుగా అలాగే పత్రికల్లో అచ్చువేసేవారు. పేరు నోరు తిరగక "బాబ్" అనేవారు, ఆటగాళ్ల బొమ్మల కార్డుల మీద కూడా బాబ్ అనే వేశారు. నా పేరు రొబెర్టో అని ఆయన చెబుతూనే ఉండేవాడు. 1971లో జట్టును గెలిపించాక దేశమంతా టీవీ చూస్తుండగా మైకు ముందు పెడితే, ముందు స్పానిష్‌లో మాట్లాడాడు. కొడుకులకు ఆశీస్సులు చెప్పి, తల్లిదండ్రుల ఆశీర్వాదం అడిగాడు. ముసలాయన ఈ ముక్క చెబుతూ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

1972 సెప్టెంబర్ 30న ఆయన 3,000వ హిట్ కొట్టాడు. మన క్రికెట్ పరుగుల్లాంటిది కాదు. బంతిని కొట్టి ఔటు కాకుండా మొదటి బేస్ చేరాలి, అప్పుడు ఒకటి. అప్పటికి ఆ లెక్క అందుకున్నవాళ్లు పది మందే. ఆ లెక్కలోకి వచ్చిన ఆయన హిట్లలో అదే ఆఖరిదైంది.

డిసెంబర్ 23న నికరాగ్వా రాజధాని మనాగ్వాలో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. దానికి కొన్ని వారాల ముందే ఆయన ఒక జట్టును తీసుకుని అక్కడ ఉండి వచ్చాడు. ఊరూ తెలుసు, మనుషులూ తెలుసు. ఇంటింటికీ తిరిగి సరుకులు పోగుచేసి విమానాల్లో పంపించాడు. అవి జనానికి చేరడం లేదు, అక్కడి పాలకుడు సొమోసా సైనికులు పట్టుకుపోతున్నారు అని కబురు వచ్చింది. తను వెంట ఉంటే ముట్టుకోవడానికి జంకుతారని అనుకున్నాడు. డిసెంబర్ 31 రాత్రి, ఊరంతా కొత్త సంవత్సరం సందడిలో ఉండగా, ఒక పాత విమానంలో తనూ ఎక్కాడు. మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు ఎక్కించారు. లేచిన కొద్దిసేపటికే తీరానికి దగ్గర్లోనే సముద్రంలో పడిపోయింది. ఐదుగురు ఉన్నారు. ఆయన శరీరం దొరకలేదు. వయసు 38. జట్టులో స్నేహితుడు మానీ సాంగియెన్ సంతాప సభకు వెళ్లకుండా ఈతగాళ్లతో కలిసి సముద్రంలో మునిగి వెతికాడు.

నేను అప్పుడు విన్నాను, ఊరుకున్నాను. రెండేళ్లకు, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను మా ఉద్దానం మీద పడింది. అప్పుడు సెలవులో ఇంట్లోనే ఉన్నాను. మా నాన్న నాటిన 60 కొబ్బరి చెట్లలో తొమ్మిది నిలిచాయి. జీడితోట మొత్తం వేళ్లతో లేచిపోయింది. కరెంటు లేదు, కాబట్టి బోర్లు లేవు, కాబట్టి నీళ్లు లేవు. మొదటి రెండు రోజులు పడిపోయిన చెట్ల బొండాల నీళ్లే తాగాం. అంత తియ్యటి నీళ్లు తాగుతూ ఏడ్చినవాళ్లను అప్పుడే చూశాను.

సాయం రాలేదని అనను. లారీలు వచ్చాయి, మంచివాళ్లు పంపారు. కానీ జాతీయ రహదారి మీద కూడలిలో ఆపి, అక్కడ చేతులు చాచినవాళ్లకు ఇచ్చేసి, ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగిపోయేవి. రోడ్డు పక్క ఊరివాళ్లకు మూడేసి దుప్పట్లు వచ్చాయి. ఆరు కిలోమీటర్లు లోపల ఉన్న మాకు అగ్గిపెట్టె కూడా రాలేదు. దారి పొడవునా చెట్లు పడి ఉంటే లారీ డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు? ఐదో రోజున ఒక పెద్దాయన వచ్చాడు. విజయనగరం వైపు మనిషి, బియ్యం ఆయనవే. కూడలిలో దింపమంటే దింపలేదు. లారీ ఆగిపోయిన చోట దిగి, లుంగీ ఎగ్గట్టి, ఒక బస్తా తన భుజాన వేసుకుని మాతో నడిచాడు. ఇంటింటి ముందూ నిలబడి ఎంతమంది అని అడిగి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. పేరు అడిగితే "ముందు పొయ్యి వెలిగించండి" అన్నాడు.

ఆ రాత్రి సాన్ హువాన్ ముసలాయన చెప్పింది మా మేనమామకు చెప్పాను. బేస్‌బాల్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. అంతా విని "సరుకు వెంట మనిషి పోవాలిరా, ఆయనకు తెలిసింది" అన్నాడు.


గంటస్తంభం కుర్రాడు
సెప్టెంబర్ 25, ఉదయం 5:30

ఫిట్టర్ గారూ, ఇది చదివాక నా మెండెజ్ కథను వెనక్కి తీసుకుంటున్నాను.

టీచర్ గారు దిద్దకముందే నేనే దిద్దుతాను. బేస్‌బాల్‌లో ఆయన మొదటి లాటినో ఆటగాడు కాదు, అంతకుముందే చాలామంది ఆడారు. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే ఊళ్లో బేస్‌బాల్ కీర్తి మందిరం ఉంది. లాటిన్ అమెరికా నుంచి అందులో చోటు దక్కిన మొదటివాడు ఆయన. మామూలుగా ఆట మానేసి ఐదేళ్లు గడిస్తే గాని తీసుకోరు. ఆయన విషయంలో ఆ నియమం పక్కనపెట్టి 1973లోనే తీసుకున్నారు.

ఆ మందిరంలో ఒక పొరపాటు జరిగింది. స్పానిష్ వాళ్ల పద్ధతిలో ముందు సొంత పేరు, తర్వాత తండ్రి ఇంటిపేరు, ఆఖర్న తల్లి పుట్టింటి పేరు వస్తాయి. తండ్రిది క్లెమెంటే, తల్లిది వాకర్. కాబట్టి రొబెర్టో క్లెమెంటే వాకర్ అని ఉండాలి. చివర ఉన్నదే ఇంటిపేరు అనుకునే అమెరికా అలవాటుకు సరిపెట్టి, కంచు ఫలకం మీద రొబెర్టో వాకర్ క్లెమెంటే అని పోత పోశారు. 2000లో ఆ ఫలకం తీసి, పేరు వరస సరిచేసి కొత్తది పెట్టారు. మీ అల్లుడు గారికి ఇది చెప్పండి.


పలాస పిక్కల బస్తా
సెప్టెంబర్ 25, మధ్యాహ్నం 2:10

ఇంత మాట్లాడుకుని జీడిపప్పును వదిలేశారేమిటి? జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన పడమటి తీరానికి తెస్తే, అక్కడి నుంచి మన ఇసుక నేలల దాకా వచ్చింది. బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి మన చెట్టు. వచ్చినదానికి దాని పేరే తగిలించాం. మిరప, టమాటా, వేరుశనగ, సపోటా, బొప్పాయి అన్నీ ఆ ఖండాలవే. మిరపకాయ రాకముందు మనవాళ్లు ఆవకాయలో ఏం వేశారో దేవుడికే తెలియాలి.

నేను 80 కిలోల పిక్కల బస్తాలు దించుకుంటూ ఇది రాస్తున్నాను. పాప క్లాసుకు పలాస పప్పు కావాలంటే పంపిస్తాను. ముక్క కాదు, గుండే.


నాగావళి టీచరు, శ్రీకాకుళం
అక్టోబర్ 4, ఉదయం 7:20

ఆలస్యానికి మన్నించండి. ఏం జరిగిందో చెప్పాలి కదా.

రెండు ఉదయాలు రెండు కథలూ చెప్పాను. మెండెజ్ కథ విని "వాళ్ల పిల్లల్ని కూడా చేర్చకుండా తెచ్చేసిందా? నాకూ అలాంటి అత్త కావాలి" అంది. (మా చిన్న వియ్యపురాలు ఇది చదవరని ఆశిస్తున్నాను.) క్లెమెంటే కథ చెప్పినప్పుడు మాత్రం బ్రష్షు నోట్లో అలాగే ఆగిపోయింది. ఆ విమానంలో ఏమేం ఉన్నాయి, బరువు ఎక్కువైందని ఎవరూ చెప్పలేదా, స్నేహితుడికి ఏమైనా దొరికిందా అని అడిగింది. తిత్లీ సంగతి కూడా చెప్పాను. కొబ్బరి నీళ్లు తాగుతూ ఏడవడం ఎందుకో అర్థం కాలేదంది. చెట్టు ఎన్నేళ్లకు కాపుకొస్తుందో చెప్పాక కాసేపు మాట్లాడలేదు. సిల్వియాను అప్పటికే క్లాసులో ఇంకో అమ్మాయి తీసుకుందట. అలా క్లెమెంటే ఖాయమైంది.

పలాస బాబూ, పప్పుకు మూడు నిమిషాల్లో చోటు దొరకలేదు. కొన్ని రకాల గింజలు బడికి తేకూడదని అక్కడ నియమం కూడా ఉందట. గుండు పప్పు మాట మాత్రం గుర్తుంచుకున్నాను, దీపావళి వస్తోంది.

అట్ట తయారుచేసే రోజు ఫోను బల్ల మీద నిలబెట్టి నన్ను చూడమన్నారు. చిన్నది బంతి, సముద్రం, 21 అంకె వేసింది. పైన పేరు రాయబోతూ "రెండు మాటలా, మూడు మాటలా?" అని అడిగింది. నేను ఫలకం సంగతి చెప్పాను. అల్లుడు గారు అటు దూరంగా కంప్యూటర్ ముందు ఉన్నారు. తల తిప్పారు. లేచి వచ్చి కూర్చున్నారు. మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. చిన్నదాని చేతిలోంచి పెద్ద కలం తీసుకుని, పెన్సిలుతో గీతలు కొట్టి, రొబెర్టో క్లెమెంటే వాకర్ అని అక్షరం అక్షరం కొలిచి రాశారు. కింద చిన్నదాని పేరు రాయాల్సి వచ్చినప్పుడు, ఎవరినీ అడగకుండా ఇంటిపేరు ముందు పెట్టి, పక్కన తెలుగులో కూడా రాశారు. అక్కడివాళ్లకు అర్థం కాదని మా అమ్మాయి అంటే, అడిగితే చిన్నదే చెబుతుందన్నారు.

రాసిందాన్ని చేతికందినంత దూరం పెట్టి చూసుకుంటూ, "అత్తయ్య గారూ, ఆ ఫలకం సరిచేయడానికి ఎన్నేళ్లు పట్టిందన్నారు?" అని అడిగారు.

1973 నుంచి 2000 దాకా, 27 ఏళ్లు అన్నాను.

"నాకింకా పదమూడేళ్లే అయింది" అన్నారు.